వ్యాన్‌లో ముందుకీ వెనక్కీ జరిగే సీటు బిగించేముందు

చిరంజీవి శీనుకి,

మావయ్య ఆశీస్సులు. పాత వ్యాన్ కొన్నావనీ, పిల్లలతో అంతర్వేది నుంచి యానాం దాకా తిరుగుతూ అందులోనే పడుకునేలా చేయించుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. వెనక సీటు ముందుకీ వెనక్కీ జరిగేలా పట్టాలు నువ్వే వేస్తానన్నావట. చేతిలో డబ్బు తక్కువన్నావు కాబట్టి ఎక్కడ మిగుల్చుకోవచ్చో, ఎక్కడ పీనాసితనం పనికిరాదో చెబుతాను. ఇన్నేళ్లూ బాడీ షెడ్డులో సీట్లు బిగించినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

కుషన్లు, రెక్సిన్, మంచం చెక్క, వీటిలో ఎంత తగ్గించుకున్నా ఫరవాలేదు. సీటు కూడా కొత్తది అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో విప్పేసిన బండ్ల సీట్లు స్లైడర్లతో, అంటే సీటు జరిగే పట్టాలతో సహా దొరుకుతాయి. సీటు ఒకచోట, స్లైడర్ ఇంకోచోట కొనకు, ఒకే బండివి జతగా తీసుకో. కొనేముందు తిరగేసి లాక్ పళ్లు చూడు. అంచులు అరిగి గుండ్రమైపోయినా, తుప్పు పొరలు లేస్తున్నా వదిలెయ్. లివర్ వదలగానే రెండు పక్కలా ఒకేసారి టక్కున పడాలి. ఒక పక్కే పడితే గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు సీటు మెలి తిరుగుతుంది. సామాన్లు కట్టుకోవడానికి అమ్మే అల్యూమినియం ట్రాకులు చవగ్గా కనిపిస్తాయి, వాటి మీద మనుషులు కూర్చునే సీటు పెట్టొద్దు.

అసలు సంగతంతా ఫ్లోర్‌లో ఉంది. అది పలచటి రేకు. బోల్టు వేసి కింద మామూలు వాషర్ పెడితే, గుద్దుకున్నప్పుడు బోల్టు విరగదు, రేకును చింపుకుని పైకి వచ్చేస్తుంది. ఐక్యరాజ్యసమితి 14వ నంబరు నియమం ప్రకారం కార్లలో సీటు బెల్టు బిగించిన చోటు ఎంత లాగుడుకి ఆగుతుందో చూడటానికి నడుం పట్టీని, భుజం పట్టీని ఒక్కోదాన్ని సుమారు 1,350 కిలోల బలంతో లాగుతారు. బెల్టు సీటుకే ఉంటే ఆ లాగుడంతా నీ పట్టాల మీదా, ఆ కాసిని బోల్టుల మీదా పడుతుంది. అందుకే వీలైనంతవరకు బెల్టులు కంపెనీ ఇచ్చిన చోటే ఉండనిచ్చి, వాటికి అందేలా సీటు పెట్టుకో.

పట్టాలు ఛాసిస్ క్రాస్ మెంబర్ల మీదుగా, అంటే బండి కింద అడ్డంగా ఉండే ఉక్కు దూలాల మీదుగా పోయేలా చూడు. అవి అందని చోట ఫ్లోర్ కింద అరచేయంత ఉక్కు ప్లేటు పెట్టించు, మందం 3 ఎం.ఎం.కి తగ్గకూడదు. మూలలు రుద్దించు, లేకపోతే ఆ మూలే రేకును కోస్తుంది. బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉండాలి, అది దాని బలానికి గుర్తు. సైజు ఎం10, అంటే 10 ఎం.ఎం. లావు. పైన లోపల నైలాన్ రింగు ఉన్న ఉక్కు లాక్ నట్టు. కిలోల లెక్కన ఇచ్చే మెత్తటి బోల్టులు గేట్లకి సరిపోతాయి, ప్రాణాలకి సరిపోవు. వెల్డింగ్ కొట్టేస్తే ఖర్చు కలిసొస్తుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ వేడికి పట్టా వంకరపోతుంది, బలమూ తగ్గుతుంది.

మన కోనసీమ గాలిలో ఉప్పుంది. ముందు మ్యాట్ మొత్తం ఎత్తి, స్క్రూడ్రైవర్‌తో ఫ్లోర్‌ని పొడుచుకుంటూ పో. ఎక్కడైనా లోపలికి దిగితే ఆ భాగం కోయించి కొత్త రేకు వేయించాకే మిగతా పని. డ్రిల్ పెట్టేముందు బండి కింద పడుకుని డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఎక్కడున్నాయో కళ్లారా చూడు. తీసిన ప్రతి కన్నం అంచుకీ జింక్ ప్రైమర్ పూయి.

రెండు పట్టాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో టేపుతో వాటి మధ్య దూరం ముందూ వెనకా కొలువు, రెండూ ఒకటే రావాలి. తర్వాత మూల నుంచి మూలకి ఐమూలగా కొలువు, ఆ రెండు కొలతలూ ఒకటే రావాలి. బోల్టులు వదులుగా ఉంచి సీటును చివరి నుంచి చివరికి నాలుగైదుసార్లు జరిపి, ఎక్కడా పట్టెయ్యకపోతేనే బిగించు. గ్రీజు కుక్కొద్దు, ఇసుక అంటుకుంటుంది. సిలికాన్ స్ప్రే చాలు.

సీట్ల సంఖ్య మారుతుంటే మాత్రం ముందే ఆర్టీవో ఆఫీసులో అడుగు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లు కూడా అదే పట్టుకుంటారు.

క్రాస్ మెంబర్లు కనబడేలా బండి కింద ఫొటోలు తీసి, పక్కనే టేపు పెట్టి, వాట్సాప్ చెయ్. ప్లేట్లు ఇక్కడ రావులపాలెంలో కోయించి ఉంచుతాను. పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్దువు గాని.

మీ మావయ్య