హోల్డెన్‌ను చూపించడానికి స్ట్రాడ్‌లేటర్ ఎందుకు కావాలి?

'ద క్యాచర్ ఇన్ ద రై' (1951) నవలలో కథ చెప్పే కుర్రాడు హోల్డెన్. అతని హాస్టల్ రూమ్మేట్ స్ట్రాడ్‌లేటర్ ఉండేది కొద్ది అధ్యాయాలే. అతను విలన్ కాడు, పెద్ద శత్రువూ కాడు. హోల్డెన్ పక్కన నిలబడితే చాలు, తేడా దానంతట అదే బయటపడుతుంది. ఫాయిల్ పాత్ర, అంటే పోలికతో ఇంకో పాత్రను ఎత్తిచూపే పాత్ర, చేసే పని ఇదే.

స్ట్రాడ్‌లేటర్ అందగాడే, ఎప్పుడూ టిప్‌టాప్‌గా తయారవుతాడు. కానీ గడ్డం గీసుకునే రేజర్ చూస్తే తుప్పు, నురగ, వెంట్రుకలు. పైకి ఒకటి, లోపల ఒకటి అంటే హోల్డెన్‌కు ఎంత మంటో ఆ ఒక్క రేజర్‌తో తెలిసిపోతుంది.

అసలు కిటుకు హోల్డెన్‌కు ముందునుంచీ తెలిసిన అమ్మాయి జేన్ దగ్గర ఉంది. ఆమెతో డేట్‌కు వెళ్తున్న స్ట్రాడ్‌లేటర్‌కు ఆమె పేరు కూడా సరిగ్గా గుర్తులేదు, 'జీన్' అంటాడు. హోల్డెన్‌కేమో ఆమె చెకర్స్ అనే బోర్డు ఆట ఆడేటప్పుడు రాజు పావులను వెనక వరసలోంచి కదపదన్న సంగతి కూడా గుర్తే! అయితే కింద స్ట్రాడ్‌లేటర్ కోసం ఎదురుచూస్తున్న ఆమెను వెళ్లి పలకరించాలంటాడే గాని, కాలు కదపడు. ఒకడు పట్టించుకోకుండానే ముందుకెళ్లిపోతాడు, ఇంకొకడు అంత పట్టించుకుని కూడా ఉన్నచోటే ఆగిపోతాడు.

వ్యాసం సంగతీ అంతే. గదినో ఇంటినో వర్ణిస్తూ తనకు వ్యాసం రాసిపెట్టమని స్ట్రాడ్‌లేటర్ అడిగితే, హోల్డెన్ చనిపోయిన తమ్ముడు ఆలీ బేస్‌బాల్ గ్లోవ్ గురించి రాస్తాడు. ఇదేంటని స్ట్రాడ్‌లేటర్ విసుక్కోగానే హోల్డెన్ దాన్ని లాక్కుని చింపేస్తాడు. ఆ దుఃఖాన్ని హోల్డెన్ నేరుగా ఎవరితోనూ చెప్పుకోలేడు.

ఒక్క మాట: స్ట్రాడ్‌లేటర్‌ను మనం చూసేదంతా హోల్డెన్ కళ్లతోనే. అందులో కాస్త అసూయ కూడా కలిసిందని నా అనుమానం.