నంద్యాల జిల్లా బెలూం గుహల్లో అమ్మగారికి ఊపిరి ఆడక, లోపలి నీటి పాయ పాతాళగంగ చూడకుండానే వెనక్కి వచ్చాం, మళ్లీ వెళ్తే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు

కారణం చాలావరకు లోపలి ఉక్కే. గాలి పెద్దగా కదలదు, తేమ ఎక్కువ. పైగా పాతాళగంగ గుహలో అన్నిటికంటే కింద, దాదాపు 46 మీటర్ల లోతున ఉంది. దిగినంతా మళ్లీ ఎక్కాలి.

1. ఉదయం టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టగానే వెళ్లండి. సెలవు రోజు మధ్యాహ్నం జనంలో ఇరుక్కుంటే ఉక్క ఇంకా పెరుగుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాటు ఉంది. ఆ గాలి తగిలే చోటల్లా అమ్మగారిని కాసేపు ఆపండి, అలసట రాకముందే. ఆయాసం మొదలయ్యాక ఆగితే తేరుకోవడం కష్టం. కోటిలింగాలు (శివలింగాల్లాంటి రాతి ఆకృతులున్న చోటు), పక్క దారులు అన్నీ తిరిగేశాక పాతాళగంగకు దిగొద్దు. ఓపిక ఉండగానే ముందు అక్కడికి వెళ్లి, మిగతావి తర్వాత చూడండి.

3. నీళ్లు, జారని చెప్పులు తప్పనిసరి.

ఉబ్బసం, గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే తీసుకెళ్లండి, దయచేసి.

పాతాళగంగ అంటే పెద్ద నదిని ఊహించుకోకండి, అది చిన్న పాయ. ఏడాది పొడవునా పారుతూ రాళ్ల కిందికి మాయమవుతుంది. ఆ నీళ్లు బెలూం ఊరి బావిలోకి చేరతాయని స్థానికులు నమ్ముతారు.