చచ్చిన చేప మెదడుకి రంగెలా వచ్చింది?

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ సైకాలజీ చేస్తున్నా, ప్రాజెక్టులో ఎఫ్ఎంఆర్ఐ (మెదడులో ఎక్కడ పని జరుగుతోందో చూపే స్కాన్) డేటా ఉంది. పీ వాల్యూ 0.001 పెట్టు చాలు, రంగొచ్చిన చోటల్లా మెదడు పనిచేసినట్టే అని సీనియర్లు అంటున్నారు. ఇంకో ఫ్రెండేమో అలాగైతే చచ్చిన చేపకీ రంగొచ్చింది తెలుసా అంటోంది. ఏది నమ్మాలి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చేప సంగతి నిజమేనమ్మా. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ వాళ్ళ టీమ్ చచ్చిపోయిన సాల్మన్ చేపని స్కానర్లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. మీ సీనియర్లు చెప్పిన 0.001 దగ్గరే, అంటే ఏమీ లేకపోయినా వెయ్యిలో ఒకటి ఊరికే వెలిగే కటాఫ్ దగ్గర, 8064 వాక్సెల్స్‌లో (స్కాన్‌లోని చిన్న చిన్న గడుల్లో) 16 వెలిగాయి. ఇన్ని టెస్టులు ఒకేసారి చేస్తున్నందుకు లెక్కని సరిదిద్దే కరెక్షన్ పెట్టగానే ఒక్కటీ మిగల్లేదు. 2012లో దీనికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) వచ్చింది, అందరూ నవ్వుకున్నారు గానీ నాకు మాత్రం భయమే వేసింది, అదే తప్పు మనుషుల మెదడు మీద జరిగితే చూసేవాళ్ళకి అనుమానం కూడా రాదు కదా.

అసలు ఆ రంగు ఫొటో కాదు, లెక్క. మెదడుని వాక్సెల్స్‌గా చేసి ఒక్కోదానికీ విడిగా టెస్ట్ చేస్తాం. లక్ష వాక్సెల్స్ ఉన్నాయనుకోండి, లోపల ఏమీ జరక్కపోయినా 0.001 దగ్గర ఓ వంద ఊరికే వెలుగుతాయి. పోనీ బాన్ఫెరోని, అంటే కటాఫ్‌ని టెస్టుల సంఖ్యతో భాగించే కరెక్షన్, పెడదామంటే అది మరీ కఠినం, పక్కపక్క వాక్సెల్స్ కలిసే కదులుతాయి కాబట్టి నిజంగా ఉన్నవి కూడా కొట్టుకుపోతాయి.

అందుకే చాలామంది పక్కపక్కనే ఎన్ని వాక్సెల్స్ గుంపుగా వెలిగాయో చూస్తారు, అదే క్లస్టర్ పద్ధతి. దాన్లోనూ చిక్కుందని 2016లో ఎక్లండ్, నికల్స్, నట్సన్ చూపించారు. 499 మంది ఊరికే పడుకుని ఉన్నప్పటి స్కాన్లు తీసుకుని, లేని టాస్క్ ఉన్నట్టు లెక్కలు వేశారు, అంటే ఏది దొరికినా అబద్ధమే అన్నమాట. 5 శాతం తప్పులు రావాల్సిన చోట కొన్ని సెట్టింగుల్లో 70 శాతం దాకా వచ్చాయి! ఎస్‌పీఎం, ఎఫ్ఎస్ఎల్, ఏఎఫ్ఎన్ఐ, అందరూ వాడే సాఫ్ట్‌వేర్లే ఇవన్నీ. దూరం పెరిగేకొద్దీ వాక్సెల్స్ మధ్య పోలిక ఎంత తొందరగా తగ్గిపోతుందో ఆ సాఫ్ట్‌వేర్లు ఊహించుకున్నట్టు అసలు డేటాలో లేదు, ముఖ్యమైన తప్పు అక్కడే. గుంపులో చేరడానికి ఒక్కో వాక్సెల్ దాటాల్సిన క్లస్టర్ కటాఫ్ 0.01 పెట్టినచోట పరిస్థితి మరీ ఘోరం, 0.001 దగ్గర చాలా నయం.

కాబట్టి మీ సీనియర్లది పూర్తిగా తప్పని అనను, 0.001 మొదటి మెట్టుగా పెట్టుకోండి, అక్కడే ఆగిపోకండి. ఆ పైన పర్మ్యుటేషన్ టెస్ట్ చేయండి, ఎక్లండ్ వాళ్ళ పరీక్షలో చాలావరకు నిలబడింది అదే. రెండు గ్రూపులుంటే ఎవరు ఏ గ్రూపో కలగాపులగం చేసి 5000 సార్లు లెక్క వేయించి, ప్రతిసారీ వచ్చిన పెద్ద క్లస్టర్ సైజు రాసుకోండి, ఆ సైజుల్లో 95 శాతాన్ని మించిన మీ క్లస్టర్లే ఉంచండి. ఇవన్నీ సాఫ్ట్‌వేరే చేస్తుంది, టైమ్ పడుతుంది కాబట్టి రాత్రి పెట్టేసి పడుకోండి.

ఇంకోటి, స్మూతింగ్ (పక్కపక్క వాక్సెల్స్ విలువల్ని కలిపి నున్నగా చేయడం) ఎంత, కటాఫ్ ఎంత అన్నవి ఫలితం చూడకముందే కాగితం మీద రాసుకుని మీ గైడ్‌కి చూపించండి. 2020లో 70 టీములకి ఒకే డేటా ఇస్తే ఏ రెండు టీములూ ఒకేలా ఎనాలిసిస్ చేయలేదు, కొన్ని ప్రశ్నలకి జవాబులు కూడా తలోరకంగా వచ్చాయి.

మీ గ్రూపులో ఎంతమంది ఉన్నారో రాయలేదు, అది తెలిస్తే ఇంకా వివరంగా చెప్తా, మళ్ళీ రాయండి.