పాతిక డాలర్ల పంపుకి కొత్త ఇంజనా?

"అన్నయ్యా, పీచ్‌ట్రీ సిటీ వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసులో ఒకాయన దగ్గర క్లబ్ కార్ కంపెనీ పాత గోల్ఫ్ కార్టు, గోల్ఫ్ మైదానాల్లో తిరిగే చిన్న బండి, చవగ్గా కొన్నాను. గ్యాస్ బండి. స్టార్టవుతుంది, రెండు నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఇంజన్ పోయిందంటున్నారు. వేరే ఇంజన్ వేసెయ్యమంటారా?" అని అమెరికా వెళ్ళిన గుణుపురం కుర్రాడి ప్రశ్న.

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు కాశీనగర్‌లో అందింది. ఏటా సంక్రాంతికి వచ్చి రెండు నెలలు ఇక్కడే ఉంటాను. నిన్న మీ నాన్నగారు గుణుపురంలో రైలెక్కి వచ్చి, మూతపడిన మా రైసు మిల్లు అరుగు మీద కూర్చుని, "మావాడు అక్కడ బండి కొన్నాడు, కదలట్లేదట" అంటూ ఫోను నా చేతిలో పెట్టారు. బండి అంటే ఆయన కారనుకుంటున్నారు. నేను దిద్దలేదు.

ఇంజన్ కొనకు. కొన్నా, నా కథ విన్నాక కొను.

నేను పీచ్‌ట్రీ సిటీ చేరింది 2006లో. ఊళ్ళో సుమారు 100 మైళ్ళ కార్టు దారులున్నాయని నీకిప్పటికే తెలిసుంటుంది. బడికీ, కిరాణా కొట్టుకీ జనం వాటి మీదే పోతారు. రెండో కారు కొనే స్తోమత లేక 900 డాలర్లు పెట్టి పాత క్లబ్ కార్ డీఎస్ మోడల్ కొన్నాను. అందులో ఉన్నది కవాసాకీ ఎఫ్ఈ290 ఇంజన్. అక్కడ గ్యాస్ అంటే పెట్రోలని తెలీక, గ్యాస్ బండి అంటే సిలిండర్ ఎక్కడుందా అని మొదటిరోజు సీటు కింద వెతికాను. నువ్వు అంత అమాయకుడివి కాదులే, మీకు యూట్యూబ్ ఉంది.

2009 వేసవిలో దానికీ నీ బండి జబ్బే వచ్చింది. రెండు నిమిషాలు నడవడం, ఆగడం. మెకానిక్‌ని అడిగితే చూడ్డానికే 80 డాలర్లన్నాడు. అప్పట్లో డాలరు 48 రూపాయలు, నేను తాగే కాఫీని కూడా 48 పెట్టి గుణించే రోజులు. 3,840 రూపాయలు, అదీ ఉత్తినే చూడ్డానికి! మా మిల్లు ఇంజన్ చూసిపోయే మేస్త్రికి టీ ఇస్తే సరిపోయేది. చెల్లెలి పెళ్ళి అప్పు నెలనెలా కడుతున్నాను. ఆ 80 మిగుల్చుకుందామని ఇంజన్ పోయిందని నాకు నేనే తేల్చేసుకున్నాను.

తర్వాత చేసిన తెలివైన పనులు విను. ఒక గరాజ్ సేల్‌లో పాత జనరేటర్ 150 డాలర్లకి దొరికింది. దాని ఇంజన్ హోండా జీఎక్స్390. 7,200 రూపాయలకి హోండా ఇంజనంటే మన పర్లాకిమిడిలో కూడా రాదనుకుని మురిసిపోయాను. ఇంటికి తెచ్చి విప్పితే షాఫ్ట్, అంటే బయటికొచ్చి తిరిగే కడ్డీ, కోసుగా ఉంది. జనరేటర్ ఇంజన్లకి చాలావాటికి అలాగే టేపరు షాఫ్టుంటుంది. ఆ షాఫ్ట్ మీద కూర్చుని బెల్టు తిప్పే కప్పీని కార్టు క్లచ్ అంటారు, దాని లోపలా టేపరే, కానీ రెండూ కలవవు. నువ్వు కొనాల్సింది అంగుళం మందం, తిన్నటి షాఫ్ట్, కీ గాడి ఉన్నది. కార్టు క్లచ్‌ని దానికి పట్టించే అడాప్టరూ, కింద బిగించే ప్లేటూ విడిగా కొనాలి. జనరేటర్‌ని 60కి అమ్మేసి కొత్త జీఎక్స్390కి 620, అడాప్టరుకీ ప్లేటుకీ 210 పోశాను. గుణించి చూసుకో, నేను మళ్ళీ గుణించలేను. సెల్ఫ్ స్టార్టున్నది ఇంకా ఖరీదని తాడు లాగేదే తెచ్చాను. మామూలు కార్టులో పెడల్ తొక్కితే స్టార్టవుతుంది, కాలు తీస్తే ఆగుతుంది. నా బండిలో సీటు ఎత్తాలి, తాడు లాగాలి, సీటు దించాలి, అప్పుడు కూర్చోవాలి. బడి ముందు పదిమంది అమెరికన్ తల్లుల మధ్య మా ఆవిడ ఆ పని ఒక్కరోజే చేసింది. "పర్లాకిమిడి ఆటోవాడు కూడా ఇంత పరువు తియ్యడు" అంది. అదీ నిజమే.

కొత్త ఇంజన్ నూనె లేకుండా వస్తుంది. దీనికి 1.1 లీటరు పట్టాలి. నేను పొయ్యలేదు. ఆయిల్ తక్కువుంటే ఆపేసే సెన్సారుంది కాబట్టి అది స్టార్టే కాలేదు, నా డబ్బు బతికింది. ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ మాత్రం బతకలేదు. ఇంజన్ ఆపే వైరుని ఎర్త్‌కి కలిపితే ఆగుతుంది. కారు అలవాటుతో నేను కీ స్విచ్ నుంచి 12 వోల్టులు దానికిచ్చాను. 45 డాలర్లు, ఒక్క సెకను.

బెల్టు సంగతి మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. ఇంజన్‌కొకటి, వెనక ఇరుసుకొకటి క్లచ్ ఉంటాయి, ఇంజన్ మారితే ఆ రెండిటి మధ్య దూరం మారుతుంది, అవి ఒకే వరసలో లేకపోతే బెల్టు పక్కలు అరిగిపోతాయి. మొదటి బెల్టు వారంలో పొడిపొడైంది. కాలింగ్ కార్డు మీద నాన్నకి ఫోన్ చేశాను. "వడ్లు ఆడే హల్లర్‌కి ఏం చేస్తాంరా? పురి ఉన్న దారం ఈ కప్పీ అంచు నుంచి ఆ కప్పీ అంచుదాకా లాగి చూడు" అన్నారు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నేను కంగారు పడుతుంటే ఆయన తీరిగ్గా మిల్లులో దారం ఎక్కడ పెట్టేవారో కూడా చెప్పారు. ప్లేటు కింద రెండు వాషర్లు వేస్తే వరస కుదిరింది. ఆ రెండో బెల్టు ఎనిమిదేళ్ళు నడిచింది.

ఇక అసలు దెబ్బ. హోండాకి ట్యాంకు నెత్తి మీద ఉంటుంది, పెట్రోలు దానంతటదే దిగుతుంది. కార్టులో ట్యాంకు కింద, కార్బురేటరు పైన. మధ్యలో చిన్న పంపు. దానికి కరెంటు లేదు. పిస్టన్ ఆడుతుంటే దాని కింద ఇంజన్ పెట్టెలో, అంటే క్రాంక్‌కేసులో, పుట్టే ఒత్తిడి సన్న గొట్టంలోంచి వచ్చి పంపులోని రబ్బరు పొరని కదిలిస్తుంది. అందుకని పాత కార్టు పంపునే కొత్త ఇంజన్‌కి తగిలించాను. తాడు లాగాను. నడిచింది. రెండు నిమిషాలు. ఆగిపోయింది.

కాంక్రీటు మీద అలాగే కూర్చుండిపోయాను. రబ్బరు పొర చిరిగింది. కార్బురేటరు గిన్నెలో ఉన్న పెట్రోలు అయ్యేదాకా నడిచి ఆగుతోంది, అంతే. పంపు 25 డాలర్లు. పాత కవాసాకీ నిక్షేపంలా ఉంది, దాన్ని అప్పటికే 40 డాలర్లకి తుక్కు కింద వేరే వీధి ముసలాయనకి ఇచ్చేశాను. ఆయన దాన్ని తన కార్టులో పెట్టుకుని చాలా ఏళ్ళు నడిపాడు. దారిలో ఎదురైనప్పుడల్లా చెయ్యి ఊపేవాడు.

కాబట్టి ముందు పంపు చూడు, సన్న గొట్టం వంచి పగుళ్ళు చూడు, ఫిల్టరు మార్చు, పాత పెట్రోలు పారబొయ్యి. ఇంజన్ చల్లబడ్డాక, గరాజ్ బయట, బ్యాటరీ తీగ ఊడదీసి చెయ్యి. గరాజ్ తలుపు మూసి ఇంజన్ నడపకు, ఆ పొగ చంపేస్తుంది. ఇవన్నీ బాగుంటే ప్లగ్గులో నిప్పురవ్వ, ఆ తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి, చూడు. గేజి కొననక్కర్లేదు, ఆటో పార్ట్స్ కొట్లో డిపాజిట్ కట్టి తెచ్చుకో, తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తారు. నాకు ఈ సంగతి మూడేళ్ళ తర్వాత తెలిసింది.

కంప్రెషన్ నిజంగానే లేకపోతే అప్పుడు ఇంజన్ మాట. పాతదాన్ని తియ్యకముందే అది ఏ దిక్కు తిరుగుతుందో రాసుకో. జీఎక్స్390 షాఫ్ట్ వైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది. బరువు 31 కిలోలు, 25 కిలోల బియ్యం బస్తా ఎత్తగలిగితే ఇదీ ఎత్తగలవు. పాత టూ స్ట్రోక్ కార్టులు కొన్నిట్లో ఇంజనే వెనక్కి తిరిగి రివర్స్ ఇస్తుంది, వాటిల్లో ఫోర్ స్ట్రోక్ వేస్తే రివర్స్ ఉండదు. నీది క్లబ్ కార్ కాబట్టి భయం లేదు. వేగం పెరక్కుండా ఆపే గవర్నర్‌ని పీకమని ఎవరైనా చెబితే వినకు. 20 మైళ్ళ వేగం దాటితే అది చట్టం లెక్కలో గోల్ఫ్ కార్టే కాదు. ఊరి స్టిక్కరు, ఇన్సూరెన్స్ సంగతులు సిటీ వాళ్ళ సైట్‌లో ఉంటాయి, చూసుకో. స్పేర్ పార్టులకి బెంగ లేదు. క్లబ్ కార్, ఈ-జీ-గో రెండూ ఆగస్టా దగ్గర తయారవుతాయి, యమహా మీ పక్కనున్న న్యూనన్‌లో.

పంపు ఫోటో, సన్న గొట్టం ఫోటో నాకు పంపించు, ఇక్కణ్ణుంచే చెబుతాను. మీ నాన్నగారు వెళ్ళేముందు, "కొత్త ఇంజన్ ఎంతవుతుంది బాబూ?" అని అడిగారు. పంపు ఒక్కటే పోయుంటుందన్నాను. పంపు ఎంతని అడిగారు. పాతిక డాలర్లన్నాను. రైలు వచ్చేదాకా స్టేషన్లో వేళ్ళ మీద లెక్క కడుతూనే ఉన్నారు.