పండుగ కథ పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ కథ చదివాను. బాగుంది అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకోవచ్చు, కానీ నువ్వు అడిగింది అది కాదు కదా, పండుగ సీను ఎందుకు అతకలేదో చెప్పమన్నావు. చెప్తాను, కాస్త ఘాటుగానే ఉంటుంది, ఏమీ అనుకోవద్దు.

నార్పల పక్క పల్లె అన్నావు, 1999 అన్నావు, పీర్ల పండుగ, అంటే మొహర్రం, అన్నావు. అంతవరకూ బాగానే ఉంది. మూడో పేజీకొచ్చేసరికి ఆ ఊళ్లోకి గొబ్బెమ్మలు, బతుకమ్మ పాట, కోడిపందేలు అన్నీ దిగిపోయాయి, టీవీలో పండుగ స్పెషల్ ప్రోగ్రాం చూసినట్టుంది. అవన్నీ మంచివే, వాటి ఊళ్లు వాటికున్నాయి. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే ఆ సీనంతటిలో ఒక్క మనిషీ ఒక్క పనీ చేయడు. "పండుగ వాతావరణం నెలకొంది", "భక్తిశ్రద్ధలతో జరుపుకున్నారు", "ఘనంగా నిర్వహించారు". ఇవి విలేకరుల మాటలు. పాపం వాళ్లు పేపరు అచ్చుకు పోయేలోపు వార్త పంపాలి, నీకేం తొందర?

నేను చెప్పేది ఒకటే. పండుగ రాసేటప్పుడు పేర్ల వెంట పడొద్దు, పనుల వెంట పడు. పేర్లు నిఘంటువులో ఉంటాయి, ఫోన్లో కొట్టినా వస్తాయి. ఆ పేరు పక్కన ఏ క్రియ పడుతుందో మాత్రం ఆ పండుగ చేసేవాళ్ల నోటే వినాలి.

గూగూడు తీసుకో, నీ కథ జరిగే చోటికి దగ్గరే, కుళ్లాయిస్వామి అనే పీరు కోసం హిందువులూ ముస్లింలూ కలిసి పోయే ఊరు. పీర్లను "ప్రతిష్ఠించారు" అని రాశావు నువ్వు, గుళ్లో విగ్రహానికి వాడే మాట తెచ్చి చావిడిలో పెట్టావు. పీర్లను పెట్టెలోంచి తీస్తారు, చావిడిలో కూర్చోబెడతారు, చక్కెర చదివిస్తారు, గుండం తవ్వుతారు, పీర్లు లేస్తాయి, నిప్పుల మీద నడిస్తే గుండం తొక్కారు అంటారు, చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అనే ఊరేగింపులు అయ్యాక ఆఖరున పీర్లు జలధికి, అంటే నీళ్ల దగ్గరికి, పోతాయి. లేస్తాయి, పోతాయి అన్నప్పుడు కర్త ఎవరో చూడు. పీరే లేస్తుంది, మోసేవాడు దాని వెంట పోతాడు. ఆ ఊరి నమ్మకం అంతా ఆ వాక్యంలోనే ఉంది కాబట్టి, నువ్వు మళ్లీ రెండు పేరాలు నమ్మకం గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, వాటిని కొట్టేయ్.

ఇక ఆ బురద. నీ కథలో ఊరేగింపు వాన బురదలో జారుకుంటూ పోతుంది, చదవడానికి బాగుంది. కానీ ఇస్లామీ సంవత్సరం పూర్తిగా చంద్రుడి లెక్క, మన పంచాంగంలో లాగా అధికమాసం వేసి సర్దరు, అందుకని ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ దాదాపు 33 ఏళ్లకు కాలాలన్నీ ఒక చుట్టు తిరిగి వస్తుంది. మొహర్రం పదో రోజు 2024లో జూలై 17న వచ్చింది, 2025లో జూలై 6న. అలా వెనక్కి లెక్కేసుకుంటూ పోతే 1999లో ఏప్రిల్ నెలాఖరు. అనంతపురం జిల్లాలో ఏప్రిల్ నెలాఖరున బురద ఎక్కడిది తల్లీ? నీకు ఎండ ఉంది, ఎండకు తోడు గుండం సెగ ఉంది, దాహం ఉంది, షర్బత్ పోసేవాళ్లు ఉన్నారు, వీటితో రాయి. అలాగే చివర్లో నీ హీరో స్నేహితుడికి "మొహర్రం శుభాకాంక్షలు" చెప్తాడు, అది తీసేయ్. కర్బలాలో ఇమామ్ హుసేన్ అమరుడైన రోజది, దుఃఖించే రోజు. గుడ్ ఫ్రైడేకి కూడా జనాలు ఇదే పని చేస్తుంటారు, రంగురంగుల పూల ఫొటో పెట్టి మరీ.

ఆ మాటకొస్తే ఏ ఇంటి క్రియలు ఆ ఇంటివి. రోజా ఉంటారు, పొద్దు గూకాక విడుస్తారు (మా వైపు చాలామంది హిందువుల ఇళ్లల్లో దాన్నీ ఒక్కపొద్దు అనే అంటారు, నాకు ఆ మాట ఇష్టం). ఖుర్బానీ ఇస్తారు. దర్గాలో గంధం ఎక్కిస్తారు, చాదర్ కప్పుతారు, వీలైతే కడప పెద్ద దర్గా ఉరుసుకు పోయి ఒక రాత్రి ఉండు. నోము పడతారు, ఉద్యాపన చేస్తారు. వరలక్ష్మి కలశాన్ని మర్నాడు "తీసేశారు" అని రాయకు, కదిలించారు అను. క్రైస్తవుల్లోనూ అందరిదీ ఒకే మాట కాదు, క్యాథలిక్కులు ఆదివారం పూజకు పోతారు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి ప్రొటెస్టెంట్లు ఆరాధనకు పోతారు. నీ కథలో పాస్టరు పూజ చేయించాడు, తెలిసినవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు. ఓళిగలు, బక్షాలు, బొబ్బట్లు గొడవ గురించి నేనేమీ చెప్పను, అందరూ చెప్పేదే, నీ ఇంట్లో ఏమంటే అది రాయి.

రాములవారి కళ్యాణం అనగానే చెయ్యి దానంతటదే నవమి మధ్యాహ్నం, పందిరి, పానకం అని రాసేస్తుంది. ఒంటిమిట్టలో కళ్యాణం నవమి దాటాక, రాత్రిపూట, పున్నమి వెన్నెల్లో జరుగుతుంది. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి బిడ్డ కాబట్టి వేంకటేశ్వరుణ్ణి అల్లుడిగా చూసుకుంటారు. ఇది రాసేటప్పుడు "మతసామరస్యం" అనే మాట నీ పెన్నులోంచి రాకూడదు, ఒట్టు వేయించుకుంటాను. టెంకాయ, బెల్లం పట్టుకుని లైన్లో నిలబడ్డ ఒక పెద్దామెను రాయి, పండుగ పూట అల్లుడింటికి పోయేటప్పుడు మనిషి ఏం కట్టుకుంటుంది, ఏం మొహమాటపడుతుంది, అది రాయి.

దేవరగట్టు గురించి రాయాలని ఉందన్నావు. టీవీలకు అది కర్రల సమరం, పగిలిన తలకాయలు, పోలీసు బందోబస్తు. అవి ఉన్నవే, దెబ్బలు తగులుతూనే ఉన్నాయి, దాన్ని అందంగా చూపించమని నేను చెప్పను. కానీ అక్కడివాళ్లు బన్ని అంటారు, నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్లవాళ్లు పాత కక్షలు లోపలికి రానీయమని ముందుగా పాలు తాకి ప్రమాణం చేస్తారు, అది పాలబాస. దసరా అర్ధరాత్రి మాళమ్మకూ మల్లేశ్వరుడికీ కళ్యాణం అయ్యాక విగ్రహాలు కొండ దిగుతాయి, అప్పుడు లేస్తాయి కర్రలూ దివిటీలూ. నేనైతే పాలబాస దగ్గర మొదలుపెట్టి, ఆ మాట ఇచ్చినవాడి చేతికే కర్ర ఇస్తాను. తండావాళ్ల సంగతి కూడా రాసేట్టయితే ముందు ఫిబ్రవరి 15న గుత్తి దగ్గర సేవాగఢ్ పోయి రా, బంజారాల గురువు సేవాలాల్ జయంతి, వాళ్ల మాటలు వాళ్ల నోట విను. ఎక్కడికి పోయినా "దీన్ని ఏమంటారు?" అని అడగకు, అలా అడిగితే జనం నీకోసం పుస్తకం భాష మాట్లాడతారు. "ఇప్పుడేం చేస్తున్నారు, దీని తర్వాత ఏం చేస్తారు?" అని అడిగి పక్కన కూర్చో.

ఇంకో సంగతి, చాలామంది తప్పించుకుపోయేది. నీ కథలో తప్పెట మోగింది, కొట్టిన మనిషి కనపడలేదు. తప్పెట లేకుండా, మా అనంతపురం పక్కన ఉరుములనే వాద్యాలు లేకుండా జాతర కదలదు. వాయించినాయన ఎక్కడ నిలబడ్డాడు, ఎంతిచ్చారు, అన్నం ఎక్కడ కూర్చోబెట్టి పెట్టారు? తేరు పగ్గం ఎవరు పట్టుకున్నారో రాస్తే సరిపోదు, ఎవరిని పట్టుకోనీయలేదో కూడా రాయాలి. ఊళ్లో టెన్షన్ వస్తుంది, కొందరికి కోపం వస్తుంది, రానీ.

కువైట్ కథ ఐడియా నాకు బాగా నచ్చింది, రాయచోటి నుంచి ఇంటిపనికి పోయిన ఆమె కథ. అక్కడ రంజాన్ నెల నడుమ మూడు రాత్రులు పిల్లలు మెడలో సంచులు వేసుకుని పాడుకుంటూ ఇంటింటికీ పోతారు, మిఠాయిలు, గింజలు పెడతారు, దాన్ని గర్‌గియాన్ అంటారు. ఆ మాటను మొదటి పేజీలో వేసి పక్కన వివరణ పెట్టొద్దు, "అక్కడి సంక్రాంతి లాంటిది" అని అసలే అనొద్దు. ఆమెకు పేరు తెలిసేలోపే పని తగులుతుంది, వంటింట్లో కూర్చుని వందల సంచుల్లో గింజలూ చాక్లెట్లూ నింపాలి. ఎందుకో తెలియదు, మేడమ్ చెప్పింది, నింపుతోంది. ఆ మాట తర్వాత ఏ పిల్లాడి నోటనో వినపడనీ. వెంటనే ఊళ్లో పిల్లలు గుర్తొచ్చారని కన్నీళ్లు పెట్టించకు, ముందు ఆమెకు నడుం నొప్పి పుట్టనీ, జీతం ఎప్పుడొస్తుందో లెక్కేసుకోనీ.

ఆ కథే ముందు రాసి పంపు, పీర్ల కథ నిదానంగా తిరగరాద్దువు. వాయిస్ మెసేజ్‌లు వద్దు, టైప్ చేసి పంపు, అక్షరం కాస్త పెద్దది పెట్టమ్మా.