బోర్డో 2022 గొప్ప పంటే, కానీ ధర మాటేమిటి?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఐదేళ్ళలో హైదరాబాద్ తిరిగి వచ్చి ఇల్లు కొనాలని నేనూ నా భార్యా 15,000 పౌండ్లు దాచాం. ఈ మధ్య ఒక వైన్ పెట్టుబడుల కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 2022 వింటేజ్ (అంటే ఆ ఏడాది ద్రాక్షతో చేసిన వైన్) చరిత్రలో నిలిచిపోయే పంట అట, ఏడాదికి 10 శాతానికి తగ్గకుండా పెరుగుతుందట, లాభం మీద పన్ను కూడా ఉండదట. మా డబ్బు మొత్తం అందులో పెట్టవచ్చా?

జవాబు: పెట్టకండి. ఐదేళ్ళలో ఇంటికి కావలసిన డబ్బు అది. అమ్ముదామనుకున్న రోజున కొనేవాడు దొరుకుతాడో లేదో తెలియని వస్తువులో దాన్ని ఇరికించకూడదు. అయితే మీకు ఫోన్ చేసినవాళ్ళు ఒక నిజాన్ని పట్టుకుని మీ చేత ఇంకేదో నమ్మిస్తున్నారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2022 నిజంగానే గొప్ప పంట. బోర్డోలో ద్రాక్ష, వైన్ శాస్త్రం బోధించిన ప్రొఫెసర్ దెనీ దుబూర్దియు (2016లో కన్నుమూశారు) ఎర్ర వైన్‌కి మంచి ఏడాది అవునో కాదో తేల్చడానికి ఐదు విషయాలు చూసేవారు. పూత త్వరగా, తోటంతా ఒకేసారి రావాలి. పిందె కట్టే వేళకి నేలలో తేమ తగ్గాలి. కాయ రంగు తిరిగేలోపు తీగ ఎదుగుదల ఆగాలి, అప్పుడే దాని బలమంతా కాయకి వెళ్తుంది. కాయ పూర్తిగా పండాలి. కోత రోజుల్లో వాన పడకూడదు. 2013లో వసంతమంతా చలి, పూత దెబ్బతింది, కోతకి ముందే కాయ కుళ్ళడం మొదలైంది. 2021లో ఏప్రిల్ మంచు, ఆ తర్వాత బూజు తెగులు. 2022లో అంతటి దెబ్బలు లేవు. ఎండ, కరువు కలిసి కాయని చిన్నగా, చిక్కగా చేశాయి. దిగుబడి తగ్గింది, నాణ్యత పెరిగింది. అప్పుడు కూడా ఆ ప్రాంతమంతా ఒకేలా లేదు. నీటిని పట్టి ఉంచే బంకమన్ను, సున్నపురాయి నేలల్లోని తోటలు తట్టుకున్నాయి. గులకరాళ్ళ నేలలో వేర్లు లోతుకి దిగని లేత తీగలు అల్లాడాయి. కాబట్టి ‘2022 బోర్డో’ అన్న మాట ఒక్కటీ చాలదు. ఏ తోటది అన్నది అంతకంటే ముఖ్యం.

ఇంకొకటి కూడా తెలుసుకోండి. వేలంలో లక్షలు పలికే వైన్ బోర్డోలో చాలా కొద్ది భాగం. అక్కడి మామూలు రైతులు వైన్ అమ్ముడుపోక తోటలు పీకేస్తున్నారు. 2023లో ప్రకటించిన పథకం కింద 9,500 హెక్టార్ల దాకా తీగలు తీసేయడానికి హెక్టారుకి 6,000 యూరోల సాయం ఇచ్చారు. ‘బోర్డో’ అన్న పేరు చూసి ఏ సీసా అయినా ధర పెరుగుతుందనుకునే వాళ్ళకి ఇది చెప్పి తీరాలి.

ఇక ధర దగ్గరికి వద్దాం. పంట గొప్పదా కాదా అన్నది తాగేవాడి ప్రశ్న. ఎంతకి కొంటున్నాం అన్నది పెట్టుబడి పెట్టేవాడి ప్రశ్న. ఊళ్ళో ఎంత మంచి స్థలమైనా రాబోయే పదేళ్ళ ధర ఈరోజే ఇచ్చి కొంటే మనకి ఏం మిగులుతుంది? బోర్డోలో పేరున్న తోటల వైన్ చాలావరకు పీపాల్లో ఉండగానే, కోత జరిగిన మరుసటి వసంతంలో అమ్మకానికి వస్తుంది. దీన్ని ఆన్ ప్రిమూర్ అంటారు. సీసాలు చేతికి రావడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది. అంత ముందుగా డబ్బు కట్టినందుకు కొనేవాడికి ధరలో లాభం ఉండాలి. ఉందా లేదా అన్నది ఏడాదిని బట్టి మారిపోయింది.

2008 మరీ గొప్ప పంటేమీ కాదు. కానీ ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉన్నప్పుడు, 2009 వసంతంలో, తక్కువ ధరకి వచ్చింది. అదే 2008లో హాంకాంగ్ వైన్ మీద సుంకం ఎత్తేసింది, చైనా కొనుగోళ్ళు ఊపందుకున్నాయి. 2010లో లఫీత్ అనే పేరుమోసిన బోర్డో తోట తన 2008 సీసా మీద చైనావాళ్ళకి అదృష్టమైన ‘ఎనిమిది’ అక్షరం చెక్కుతామనగానే ధర ఎగిసింది. ముందుగా కొన్నవాళ్ళు బాగా లాభపడ్డారు. 2010 పంట సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆధునిక కాలంలో మేటి పంటల్లో ఒకటి, విడుదల ధరలు ఆకాశంలో. 2011 మధ్య నుంచి మార్కెట్ జారింది. పెద్ద తోటల 2010 కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కొన్న ధర కూడా చూడలేదు. 2019 మంచి పంట, కోవిడ్ భయంతో ధరలు తగ్గించి అమ్మారు. నా ఉద్దేశంలో ఈ మధ్యకాలంలో కొనదగ్గ విడుదల అదొక్కటే.

2022 ఏ కోవలోకి వస్తుంది? 2010 కోవలోకి. 2023లో విడుదలైనప్పుడు చాలా తోటలు, అప్పటికే సీసాల్లో సిద్ధంగా దొరుకుతున్న మంచి పాత పంటలకన్నా ఎక్కువ ధర పెట్టాయి. లండన్ వైన్ ఎక్స్ఛేంజి లివ్-ఎక్స్ సూచీలు 2022 శరదృతువులో శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి కిందికి నడిచాయి. మరుసటి ఏడాది 2023 పంటకి పెద్ద తోటలే ధర బాగా తగ్గించక తప్పలేదు. కాబట్టి మీకు చెప్పిన ధరని 2016, 2019 పంటల ఈనాటి ధరతో పోల్చండి. అదే తోట, అంతే నాణ్యత, ఇంకా తాగడానికి దగ్గరపడిన సీసా తక్కువకి దొరుకుతుంటే 2022కి ఎక్కువ ఎందుకివ్వాలి? వైన్ ధరలు చూపించే వైన్-సెర్చర్ వెబ్‌సైట్‌లో పది నిమిషాల పని ఇది.

ఖర్చుల లెక్క కూడా చూడండి. ఆరు సీసాల పెట్టె 1,000 పౌండ్లకి కొన్నారనుకుందాం. బాండెడ్ గోదాములో (సుంకం కట్టకుండా సరుకు దాచే చోటు) అద్దె, బీమా కలిపి ఏడాదికి 15 పౌండ్లు వేసుకుంటే పదేళ్ళకి 150. అమ్మేటప్పుడు బ్రోకర్‌కి 10 శాతం. పెట్టిన డబ్బు తిరిగి రావడానికే ధర సుమారు 1,280కి చేరాలి. ఈలోగా వడ్డీ లేదు, డివిడెండ్ లేదు. పైగా మంచి 2022 వైన్ తాగే వయసుకి వచ్చేసరికి మీరు హైదరాబాద్‌లో ఉంటారు.

‘10 శాతానికి తగ్గకుండా’ అన్న మాట విన్నప్పుడే నాకు గాభరా వేసింది. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. బ్రిటన్‌లో సీసాలు కొని దాచుకోవడం అక్కడి ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ పర్యవేక్షణలోకి రాదు, కంపెనీ మూతపడితే బ్యాంకు డిపాజిట్‌కి ఉండే రక్షణ పథకం దీనికి వర్తించదు. తెలియని నంబరు నుంచి ఫోన్ చేసి వైన్ అంటగట్టే మోసాలు అక్కడ ఎన్నో ఏళ్ళుగా ఉన్నాయి. లేని సీసాలు అమ్మినవాళ్ళున్నారు, ఒకే పెట్టెని ఇద్దరికి అమ్మినవాళ్ళున్నారు. ఎప్పుడైనా కొంటే మీ పేరు మీద గోదాములో ఖాతా ఉండాలి. ఉందో లేదో గోదాము వాళ్ళనే అడగాలి, అమ్మినవాణ్ణి కాదు.

పన్ను విషయంలోనూ సగమే చెప్పారు. యాభై ఏళ్ళకి మించి నిలవని వస్తువైతే మూలధన లాభాల పన్ను ఉండదన్నది నిజం. కానీ దశాబ్దాలపాటు నిలిచే మేలిరకం బోర్డో ఆ కోవలోకి రాదని పన్ను శాఖ వాదించవచ్చు.

మీ 15,000 పౌండ్లు క్యాష్ ఐసాలోనో (వడ్డీ మీద బ్రిటన్‌లో పన్ను పడని పొదుపు ఖాతా), ఇల్లు కొనే నాటికి గడువు తీరే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఉంచండి. వైన్ అంటే మీకూ మీ భార్యకీ నిజంగా ఇష్టముంటే, ఇంటి డబ్బు ముట్టుకోకుండా నెల జీతంలోంచి 2019 పంట సీసాలు ఆరు కొనుక్కోండి. తాగడానికే కొనండి, తిరిగి వచ్చేలోపు అక్కడే పూర్తి చేయండి. దాచిన సీసాలు ఇండియాకి తెచ్చుకుంటే కస్టమ్స్ సుంకం వాటి విలువని మింగేస్తుంది.