చవక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు: హార్స్‌పవర్ సంగతి తర్వాత, ముందు కార్పెట్ తడిమి చూడండి

అడిగింది ఇది: ఇంటి అవసరాలకు ఒక కారు ఉంది. రెండో బండిగా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, అదీ టాప్ మడిచేది, తీసుకోవచ్చా? లేక డబ్బు దండగా?

తీసుకోండి. కానీ ఎన్ని హార్స్‌పవర్, వంద అందుకోవడానికి ఎన్ని సెకన్లు అనే లెక్కతో ఎంచుకోకండి. ఈ ధరలో దొరికే బండ్లను మట్టిలో కలిపేది వేగమూ కాదు, ఇంజనూ కాదు. నీళ్ళు. బండి చూడడానికి వెళ్ళేవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది బానెట్ ఎత్తి ఇంజన్ చూసి మురిసిపోతారు. చూడాల్సింది సీటు వెనక కార్పెట్.

కొలమానంగా మాజ్దా ఎంఎక్స్-5 తీసుకుంటాను, మియాటా అని పిలిచేది. 1989 నుంచి నాలుగు తరాలుగా వస్తోంది, 2016లోనే తయారైన బండ్ల సంఖ్య పది లక్షలు దాటింది, భాగాలు దొరుకుతాయి, దాని జబ్బులు అందరికీ తెలుసు. ఆ తరాలను పిలిచే పేర్లతో చెబితే, ఎన్‌ఏ 1989లో, ఎన్‌బీ 1998లో, ఎన్‌సీ 2005లో, ఎన్‌డీ 2015లో మొదలయ్యాయి.

గుడ్డ టాప్ మీద పడిన వాన వెనక్కి జారి, టాప్ అంచు కింద ఉన్న కాలువలో పడుతుంది. అక్కడి నుంచి రెండు మూలల్లోని రంధ్రాల్లోకి, సీటుబెల్టు చుట్టలు ఉన్న చోటు నుంచి దిగే గొట్టాల్లోకి, చివరికి వెనక చక్రానికి కాస్త ముందు, బండి కింద నేల మీదికి. ఆకులు, దుమ్ము చేరి ఆ రంధ్రం మూసుకుపోయిందా, నీరు వేరే దారి వెతుక్కుంటుంది. కొంత సీటు వెనక అర మీది కార్పెట్‌లోకి ఇంకుతుంది, కొంత డోరు కింద గడపలా ఉండే డబ్బా భాగంలోకి, అంటే సిల్ లోకి, దిగుతుంది. కార్పెట్ తడిస్తే వాసన పట్టిస్తుంది. సిల్ లోపల నీరు నిలిస్తే పైకి ఏమీ కనబడదు. లోపలి నుంచి తింటూ వచ్చిన తుప్పు పెయింటు కింద శనగగింజంత బుడగలా పొంగే నాటికి లోపలి రేకు చిల్లులు పడి ఉంటుంది.

కాబట్టి బండి చూడడానికి వెళ్ళేటప్పుడు ఒక టార్చి, అర లీటరు నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. టాప్ ముందు కొక్కేలు విప్పి, కాస్త వెనక్కి మడవండి. సీటు ముందుకు జరిపి, బెల్టు చుట్ట పక్కన మూలలో టార్చి వేస్తే కాలువ చివర రంధ్రం కనిపిస్తుంది. అమ్మే ఆయనకు చెప్పి, సీసాలో సగం ఆ రంధ్రంలో నెమ్మదిగా పోయండి. కొన్ని సెకన్లలో వెనక చక్రం ముందు నేల తడవాలి, సన్నటి ధార కట్టాలి. నీళ్ళు గిన్నెలో నిలిచినట్టు రంధ్రం దగ్గరే నిలబడినా, చుక్కచుక్కగా కారినా, దారి మూసుకుంది. రెండో పక్క కూడా ఇదే చేయండి. తర్వాత సీటు వెనక కార్పెట్ మీద అరచేయి గట్టిగా అదిమి పట్టి పదిదాకా లెక్కపెట్టండి. పైన పొడిగా ఉన్నా కింద స్పాంజి తడిగా ఉంటే చల్లదనం చేతికి ఎక్కుతుంది. ఈ పరీక్ష వద్దనేవాడి దగ్గర బండి కొనకండి, అంతే.

మూసుకున్న దారి శుభ్రం చేయడం తేలికే. గడ్డి కోసే మిషన్‌లో వాడే మందపాటి నైలాన్ తీగ పై నుంచి మెల్లగా తిప్పుతూ దింపితే సరిపోతుంది. కంప్రెసర్ గాలి కొట్టకండి, లోపల గొట్టం జాయింటు ఊడితే నీరంతా నేరుగా సిల్ లోకే. ఏడాదికి రెండుసార్లు చేసే ఐదు నిమిషాల పని ఇది. ఇన్ని బండ్లు ఈ ఐదు నిమిషాలు ఇవ్వని ఓనర్ల చేతుల్లో కుళ్ళిపోవడం చూస్తే కడుపు మండుతుంది.

డిక్కీలోనూ చేయి పెట్టండి. ఎన్‌ఏ, ఎన్‌బీలలో బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. దాని నుంచి వచ్చే ఆవిరి బయటికి పోవడానికి సన్నటి గొట్టం ఉండాలి. చవగ్గా వస్తుందని మామూలు బ్యాటరీ పెట్టి గొట్టం పీకేస్తే ఆ ఆవిరికి చుట్టూ రేకు తుప్పు పడుతుంది. ఇక ఎన్‌బీ అయితే తప్పకుండా లిఫ్ట్ ఎక్కించి, ముందు చక్రాల మధ్య చాసిస్ రైళ్ళు, అంటే బండి అడుగున పొడుగ్గా ఉండే ఇనుప దూలాలు, చూడాలి. అక్కడ రేకు రెండు పొరలు, మధ్యలో చేరిన తేమకు ఆరే దారి లేదు. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖంగున మోగుతుంది, కుళ్ళింది అట్టలా పలుకుతుంది. ఇంజన్ దించి వేరేది ఎక్కించడం ముందే లెక్క కట్టగలిగే పని. సిల్, రైలు కోయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో కోస్తే తప్ప తెలియదు.

ఇది మియాటాకే పరిమితం కాదు. బీఎండబ్ల్యూ మొదటి జెడ్4లో టాప్ నడిపే మోటారు నీరు దిగే దారిలోనే ఉంటుంది, కాలువ మూసుకుంటే మునిగిపోతుంది. పోర్షే మొదటి బాక్‌స్టర్‌లో అసలు తాళంచెవి లేకుండా ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ డబ్బా సీటు కింద, నేల మీద ఉంటుంది. కార్పెట్ తడిస్తే బండి స్టార్టే కాదు. ఆ బాక్‌స్టర్ చవగ్గా కనిపిస్తుంది గానీ భాగాల ధరలు మాత్రం పోర్షేవే, మొదటి బండిగా తీసుకోకండి. టొయోటా ఎంఆర్2లో చివరి తరం, 1999 నుంచి 2007 దాకా వచ్చింది, ఇంజన్ సీట్ల వెనక ఉండే తేలికైన మంచి బండి. అయితే దానికి డిక్కీ అనదగ్గది లేదు, సీట్ల వెనక చిన్న అర మాత్రమే. పైగా మొదట్లో వచ్చిన ఇంజన్లు ఆయిల్ తాగుతాయి, ఇంజన్ పొగ బయటికొచ్చే మానిఫోల్డ్‌లోని, పొగను శుభ్రం చేసే చిన్న కెటలిటిక్ కన్వర్టర్లు పొడై ఇంజన్‌లోకే పోయే ప్రమాదం ఉంది. పైనున్న రెండు ఆక్సిజన్ సెన్సార్లు విప్పి ఆ రంధ్రాల్లోంచి టార్చి వేస్తే తేనెపట్టు లాంటి గళ్ళు చెక్కుచెదరకుండా కనబడాలి.

తుప్పు లేదని తేలాక ఇంజన్ దగ్గరికి రండి. మీరు వెళ్ళేసరికి బండి స్టార్ట్ చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పండి. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. ఎన్‌ఏ చల్లగా ఉన్నప్పుడు పై నుంచి టకటక వినిపిస్తే కంగారు వద్దు, వాల్వుల హైడ్రాలిక్ లిఫ్టర్లవి, మంచి ఆయిల్ మారిస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. కంగారు పడాల్సింది 1989, 1990 బండ్ల క్రాంక్‌షాఫ్ట్, అంటే ఇంజన్ ప్రధాన ఇరుసు, ముక్కు గురించి. ముందున్న పుల్లీకి నాలుగు గాళ్ళు ఉంటే పొట్టి ముక్కు క్రాంక్, ఎనిమిది ఉంటే తర్వాత మార్చిన పొడుగు ముక్కు. పొట్టి దానిలో బోల్టు సరిగ్గా బిగించకపోతే తాళపు గాడి అరిగిపోయి టైమింగ్ తప్పుతుంది. ఇంజన్ నడుస్తుండగా పుల్లీ పక్కకు ఊగుతుంటే ఆ బండి వదిలేయండి.

రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్. నల్లగా ఉంటే సరే, గోధుమ రంగులోకి తిరిగితే పగలడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఎన్‌ఏ, ఎన్‌బీలకు టైమింగ్ బెల్టు ఉంటుంది, లక్ష కిలోమీటర్లకు మార్చాలి. అసలు తిరగని బండి అయితే కిలోమీటర్లు కాదు, ఏళ్ళు చూడాలి. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. విప్పినప్పుడే వాటర్ పంపు కూడా మార్చేయండి, కూలి ఒకటే. ఎన్‌సీ నుంచి బెల్టు లేదు, చైన్.

క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోయి, మొదటి గేరు పడనంటే మామూలుగా దోషం ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్‌ది. గేర్‌బాక్స్ పక్కన ఉండే దాని రబ్బరు తొడుగు వేలితో కాస్త తీస్తే నల్లటి ద్రవం కారుతుంది. భాగం చవకే, కానీ అదొక్కటే మారిస్తే కొత్త ఒత్తిడికి పైన పెడల్ దగ్గరున్న పాత మాస్టర్ సిలిండర్ సీలు పోతుంది. రెండూ కలిపి మార్చండి. ఎన్‌డీలో 2016, 2017 బండ్లకు గేర్‌బాక్స్ ఫిర్యాదులు వచ్చాయి, తర్వాత కంపెనీ లోపలి భాగాలు మార్చింది. 2019 మోడల్ నుంచి 2 లీటర్ల ఇంజన్ 7500 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, స్టీరింగ్ ముందుకూ వెనక్కీ జరుగుతుంది. పొడుగువాళ్ళకు ఈ రెండోదే ఎక్కువ అవసరం. బండి చూడగానే ముందు టాప్ వేసి, డోరు మూసి, పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి. మోకాలు స్టీరింగ్‌కు తగిలినా, తల గుడ్డకు ఆనినా మిగతా పరీక్షలు అక్కర్లేదు.

నడిపేటప్పుడు పావుగంట పాటు గట్టి బ్రేకు వేయకుండా తిప్పి, దిగి నాలుగు చక్రాల దగ్గర అరచేయి పెట్టండి. ఒక వెనక చక్రం సెగలు కక్కుతుంటే బ్రేకును నొక్కే క్యాలిపర్ పట్టేసింది. వారాల తరబడి నిలబెట్టే బండ్లకు ఇది తప్పదు. టైర్ల లోతు చూసి మోసపోకండి. పక్కన ఉన్న నాలుగు అంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు నిండుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన రబ్బరు బిరుసెక్కి ఉంటుంది, తడి మలుపులో వెనక భాగం చెప్పకుండా జారుతుంది. గాలి కూడా పెద్ద కార్లకు కొట్టినట్టు 33, 35 కొట్టేస్తారు. ఎన్‌ఏకి కంపెనీ చెప్పింది 26, ఎన్‌డీకి 29. ఈ తేడాకే బండి ఎగిరెగిరి పడుతుంటే సస్పెన్షన్ పోయిందని అనుకునేవాళ్ళు ఎందరో.

మార్పులు చేసిన బండ్ల మీద నాకు కోపం. 14 అంగుళాల చక్రాలతో గీసిన ఎన్‌ఏకి 17 అంగుళాలవి తొడిగి, స్ప్రింగులు కోసి కిందికి దింపి, దానికి అప్‌గ్రేడ్ అని పేరు పెట్టి ఎక్కువ అడుగుతారు. బరువైన చక్రంతో స్టీరింగ్ మొద్దుబారుతుంది, దింపిన స్ప్రింగుతో గతుకు గతుక్కీ సస్పెన్షన్ అడుగుకు కొట్టుకుంటుంది. 940 కిలోల పైచిలుకు బరువున్న బండికి నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ పెట్టి చేసిన పని మొత్తం వృథా. అసలు చక్రాలు, అసలు స్ప్రింగులు ఉన్న దానికే డబ్బు పెట్టండి.

పవర్ తక్కువ అని వెనక్కి లాగేవాళ్ళ మాట పట్టించుకోకండి. ఎన్‌ఏ 1.6 ఇంజన్‌కు 115 హార్స్‌పవరే. రెండో గేరులో 7000 ఆర్‌పీఎం దాకా లాగితే 90 కిలోమీటర్ల చిల్లర. అంటే ఇంజన్ ఇవ్వగలిగిందంతా మామూలు రోడ్డు వేగంలోనే అనుభవిస్తారు. 400 హార్స్‌పవర్ బండిలో ఆ అనుభవం కావాలంటే ట్రాక్‌కే పోవాలి. సామాను పట్టదనేది మాత్రం నిజమే. ఎన్‌డీ డిక్కీ సుమారు 130 లీటర్లు, రెండు మెత్తటి సంచులు పడతాయి, గట్టి సూట్‌కేసు పట్టదు. ఇంట్లో ఇంకో కారు ఉంది కాబట్టి మీకు ఇది అడ్డం కాదు.

డబ్బు విషయానికొస్తే, బండి ధరలో ఐదో వంతు పక్కన పెట్టుకునే బేరం మొదలుపెట్టండి. మొదటి ఏడాది టైర్లు, బెల్టు, క్లచ్ సిలిండర్లు, బ్రేకు ద్రవం అది తినేస్తుంది. అడ్వాన్స్ ఇవ్వకముందే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కోండి, రెండు సీట్లని చూసి స్పోర్ట్స్ లెక్కలో వేసి పెంచే కంపెనీలు ఉంటాయి.

కొన్న మొదటి వారం ద్రవాలన్నీ మార్చేయండి. ఐదు గేర్ల ఎన్‌ఏ గేర్‌బాక్స్‌కు 2 లీటర్ల 75డబ్ల్యూ-90, అదీ జీఎల్-4 రకం. డబ్బా మీద జీఎల్-5 అని మాత్రమే ఉంటే పోయకండి, దానిలోని మందు గేర్లను కలిపే ఇత్తడి రింగులకు పడదు, చలిలో రెండో గేరు గరగరమంటుంది. బండి సమతలంగా ఎత్తి, మొదట గేర్‌బాక్స్ పక్కనున్న నింపే బోల్టు వదులు చేసి చూడండి, అది కదిలాకే కింద డ్రెయిన్ బోల్టు విప్పండి. ఈ వరస తప్పి, పాత ఆయిల్ అంతా కార్చేశాక నింపే బోల్టు తుప్పుకు బిగుసుకుందని తెలిస్తే, బండి లిఫ్ట్ మీదే ఉండిపోతుంది.